గడప బయట పదకొండు జతలు

ఆ రోజు పొద్దున్న నేను మా షెడ్డుకి వెళ్ళేసరికి పనిగది గడప బయట పదకొండు జతల తెల్ల గంబూట్లు వరసగా ఉన్నాయి. మడమలు గోడకి ఆనించి, మొనలు వీధివైపు తిప్పి, ఎవరో స్కేలు పెట్టి సర్దినంత చక్కగా ఉన్నాయి. గుడి ముందు కూడా చెప్పులు అంత బుద్ధిగా ఉండవు. ముందురోజు సాయంత్రమే వాటిని నా చేతులతో ఒక్కొక్కళ్ళకీ ఇచ్చాను. లోపల కాగే నూనె, తడి నేల, కత్తులు ఉంటాయి కాబట్టి రేపటి నుంచి వీటితోనే పని చెయ్యాలని తెలుగులో ఒకసారి, నాకొచ్చిన హిందీలో రెండుసార్లు చెప్పాను. అందరూ తలలూపారు. అచ్ఛా మేడమ్‌జీ అన్నారు. పొద్దున్నే కొత్త బూట్లతో వచ్చారు కూడా, కాదనను. బస్సుల్లో, ఈ-రిక్షాల్లో, వానబురదలో ఆ బూట్లతోనే నడిచొచ్చి, పనిగది దగ్గరికి రాగానే మర్యాదగా విప్పేసి, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళిపోయారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయనైతే ముక్కు దాకా ఎక్కే ఓపిక కూడా దానికి లేదు, ముందే బయల్దేరిపోతుంది అంటారు. ఒక్కొక్కళ్ళనీ కడిగేద్దామని గబగబా వెళ్ళి, తలుపు తోసి, నోరు తెరిచాను. కాళ్ళకి చల్లగా తగిలింది. కిందికి చూసుకుంటే నా కాళ్ళూ వట్టివే. నా చెప్పులు బయట ఆ వరస చివర పన్నెండో జతగా ఉన్నాయి. ఎప్పుడు విప్పానో నాకే తెలియదు. తెరిచిన నోరు ఊరికే ముయ్యలేక, కందిపప్పు వేగిందా అని అడిగాను.

మాది ఢిల్లీలో, ద్వారక అవతల ఒక రేకుల షెడ్డు. ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బుతాం, కందిపొడి, కారప్పొడి కొడతాం, పచ్చళ్ళు కలుపుతాం. పదేళ్ళ కిందట మా ఫ్లాట్ వంటింట్లో మొదలైంది ఈ వ్యవహారం. ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదువుకునే మనవాళ్ళ పిల్లలు, జియా సరాయ్ గదుల్లో ఉండే పిల్లలు, ఆంటీ, అన్నంలో కలుపుకోవడానికి ఏమైనా పంపండి అని ఫోన్లు చేస్తుంటే, పాపం కదా అని మొదలుపెట్టాను. పాపం కాస్తా పెరిగి షెడ్డయింది. పనివాళ్ళు పదకొండు మంది అయ్యారు. ఇద్దరు మనవాళ్ళు, మిగతావాళ్ళు బీహార్ వైపు నుంచి వచ్చినవాళ్ళు.

ఆ పదకొండు మందిలో మొదటివాడు బాబాయ్. నాకు చుట్టం కాడు, శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్ళి వంటల మేస్త్రీల వెంట ఢిల్లీ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అరవై దాటాయి. మా వంటింట్లో మొదటి కిలో కందిపొడి వేయించింది అతనే. నూనె కాగిందో లేదో వాసనతో చెప్పేస్తాడు. నేను రుచి చూసి ఉప్పు తక్కువైంది అంటే, తక్కువవనేదమ్మా, నీకు జలుబు సేసింది అంటాడు. తీరా చూస్తే ఆ సాయంత్రానికి నాకు తుమ్ములు మొదలవుతాయి. అతను లేకపోతే మా షెడ్డులో గ్రైండర్లు ఉంటాయి కానీ రుచి ఉండదు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు, పైకి మాత్రం ఎవరం అనం.

ఆ బూట్లు తెప్పించింది ముఖ్యంగా అతని కోసమే. వానాకాలంలో ఒకరోజు పనిగది కడిగించాక, తెల్లటి పలకల మీద ఎర్రటి పాదాల గుర్తులు కనిపించాయి. పొయ్యి దగ్గర నుంచి పప్పుల గది దాకా, ఒక్క కుడికాలివే. ఆవకాయ నూనె తొక్కి ఎవరు తిరుగుతున్నారు, కళ్ళు నెత్తికెక్కాయా అని అరిచాను. కారం గ్రైండర్ దగ్గర ఉండే దీదీ, దర్భంగా వైపు ఆవిడ, వంగి ఆ మరకని వేలితో తీసి వాసన చూసింది. ఆవకాయ కాదు మేడమ్‌జీ, ఖూన్ హై అంది.

గుర్తులు పట్టుకుని వెళితే బాబాయ్ దగ్గర తేలాం. కుడికాలి బొటనవేలి పక్కన రూపాయంత బొబ్బ చితికిపోయి రక్తం కారుతోంది. రెండు రోజుల కిందట తాలింపు నూనె చింది ఉంటుందట. ఉంటుందట అని ఎందుకంటున్నానంటే, అతనికీ తెలియదు. ఆటోలో ఎక్కించుకుని మా సెక్టర్‌లోని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక సన్నటి పుల్లతో బాబాయ్ అరికాలి మీద అక్కడా ఇక్కడా గుచ్చుతూ, తెలుస్తోందా అని అడిగారు. బాబాయ్ నా మొహం చూశాడు. నేనేమైనా సైగ చేస్తానేమోనని, పరీక్షలో పిల్లాడిలాగా.

షుగర్. ఎన్నాళ్ళ నుంచో ఉంది. పాదాల్లో స్పర్శ చాలావరకు పోయిందని, ఈసారికి వేలు దక్కుతుందని, ఇంకోసారి కాలితే ఆ మాట చెప్పలేనని డాక్టరుగారు అన్నారు. పుండు మానేదాకా పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. మానాక వెళ్ళాలంటే కాళ్ళు మొత్తం మూసే బూట్లు వేసుకునే వెళ్ళాలి. లోపల గులకరాయి ఉన్నా తెలియదు కాబట్టి, వేసుకునే ముందు రోజూ చేత్తో తడిమి చూసుకోవాలి. ఇదంతా చెప్పి ఆయన నావైపు తిరిగి, మీ దగ్గరేనా పని చేసేది అని అడిగారు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని.

పదేళ్ళుగా ఆ మనిషి చక్కెర లేని టీ తాగుతున్నాడు. ఆ టీ నేనే తెప్పిస్తున్నాను. షుగర్ ఉన్న మనిషిని వట్టికాళ్ళతో నూనె పొయ్యి దగ్గర నిలబెట్టాను అన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే నాకు సిగ్గేసింది. పక్కన బాబాయేమో ఆ వేళ ఆగిపోయిన కరివేపాకు పొడి గురించి బెంగపడుతున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాటి నుంచి నేను భద్రత మీద పడ్డాను. మా అమ్మాయి గుర్‌గావ్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది, ఇలాంటివి దానికి తెలుసు. ఇక్కడే పుట్టి పెరిగింది, నేను తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తుంది. వచ్చి షెడ్డంతా కలియదిరిగి, మమ్మీ, యే సబ్ ఆప్‌కీ జిమ్మేదారీ హై అంది. బాధ్యత నాది కాదని నేనెప్పుడన్నాను? కానీ ఆ రోజు దాని వెనకాల తిరుగుతుంటే నా షెడ్డుని నేనే మొదటిసారి చూస్తున్నట్టుంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే అందులో గొంతు బిళ్ళలు, పిన్నీసులు, ఒక రాఖీ, సోంపు పొట్లం ఉన్నాయి. మంటలార్పే ఎర్ర సిలిండర్ మిరపకాయల బస్తాల వెనక ఉంది. దాని మెడకి దీదీ అన్నం సంచి వేలాడుతోంది. గ్రైండర్ బెల్టు మీద ఉండాల్సిన మూత, కడగడానికి అడ్డమని ఎప్పుడో తీసేసి, దాంట్లో అల్లం ఆరబోస్తున్నారు.

అన్నీ సరిచేశాం. కారం కొట్టేటప్పుడు పెట్టుకోమని మాస్కులిస్తే, అందరూ వాటిని గడ్డాల కిందికి లాక్కుని గడ్డాలకి ఘాటు తగలకుండా కాపాడుకున్నారు. వాళ్ళ భుజాల మీది తువ్వాళ్ళని, గమ్ఛాల్ని, రెండు మడతలు వేసి ముక్కుకి కట్టుకోవడం వాళ్ళకి అలవాటు కాబట్టి, ఆ మాస్కు మీద గమ్ఛా కట్టుకోమంటే ఒప్పుకున్నారు. నిప్పంటుకుంటే ఎలా బయటికి రావాలో నేర్పాలని మా అమ్మాయి ఒక గంట తెచ్చి చెప్పాపెట్టకుండా మోగించింది. మా వీధి చాయ్ భయ్యా గంట కూడా అచ్చం అలాగే మోగుతుంది. అందరూ చేతుల్లో గ్లాసులతో బయటికి వచ్చి నిలబడ్డారు. మా అమ్మాయి వాచీ చూసుకుని, నిమిషం లోపలే వచ్చారు కాబట్టి పాస్ అంది.

ఇవన్నీ గెలిచాను. బూట్ల దగ్గరే ఓడిపోయాను. అందులో తప్పు వాళ్ళది కాదు, నాది. షెడ్డు తెరిచిన రోజున పనిగది తూర్పు మూల అన్నపూర్ణమ్మ పటం పెట్టి, తలుపు మీద "చెప్పులు బయటే విడవవలెను" అని అట్టముక్క మీద రాసి అంటించింది నేనే. కింద హిందీలో మా అమ్మాయి చేత రాయించాను. నలుగురు తినే తిండి తయారయ్యే చోటు, చెప్పులేమిటి? మా పుట్టింట్లో వంటింటి గడప చెప్పులతో దాటితే మా నాయనమ్మ గరిటె తిరగేసేది. ఒకసారి గ్రైండర్ మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ బూట్లతో లోపలికి రాబోతే, ఆపి, బూట్లు విప్పించి, తడినేల మీద వట్టికాళ్ళతో నిలబెట్టి కరెంటు పని చేయించాను. ఆ రోజు నా భక్తికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, మళ్ళీ ఆ మొదటిరోజు పొద్దుటికి వస్తాను. కందిపప్పు వేగిందా అని అడిగాను కదా, వేగింది అని పొయ్యి దగ్గర నుంచి జవాబొచ్చింది. ఆ గొంతు అక్కడ ఉండకూడని గొంతు. డాక్టరుగారు వద్దన్నాక బాబాయ్‌ని ముందుగదిలో కుర్చీ వేసి, సీసాలకి లేబుళ్ళు అంటించే పనిలో కూర్చోబెట్టాను. నేను వచ్చేలోపల లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. తన జత బయట వరసలో పెట్టేసి, కట్టు కట్టిన కాలికి పచ్చళ్ళ ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి, అట్లకాడ పట్టుకుని నిలబడ్డాడు. ఏమిటి బాబాయ్ ఇది అంటే, కవరుందిగదమ్మా అన్నాడు.

అతన్ని ముందుగదికి పంపించి, అందరినీ పోగేసి, తలుపు మీది అట్టముక్క పీకేశాను. ఇకనుంచి బూట్లు లేనివాళ్ళు ఈ గదిలోకి రాకూడదు, ఇది నా మాట అన్నాను. ఎవరూ కదల్లేదు. దీదీ చీరకొంగు సర్దుకుని, చాలా వినయంగా, "పెహలే ఆప్ జాయియే, మేడమ్‌జీ" అంది.

ముందు నేను వెళ్ళి చూపించమంటోంది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. వరసలో చేతికందిన జత తీసుకుని తొడుక్కున్నాను. ఎవరివో కానీ రెండు సైజులు పెద్దవి. టపటపలాడుకుంటూ గడప దాకా వెళ్ళి, కుడికాలు ఎత్తాను. ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఎదురుగా అన్నపూర్ణమ్మ చూస్తోంది, పక్కన రుబ్బిన పిండి పొంగుతోంది, యాభై ఏళ్ళ అలవాటు కాలు పట్టుకుని లాగుతోంది. దించు దించు అని నాకు నేనే చెప్పుకున్నాను. చివరికి దించాను, గడపకి ఇవతలే. దీదీ కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా నవ్వు బయటికి వచ్చేసింది. తర్వాత పదిమందీ నవ్వారు. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులు ఉన్నాయంటే ఏమిటో ఆ రోజు ఆ పెద్ద బూట్లలో నిలబడి తెలుసుకున్నాను.

అమ్మవారు ఎదురుగా ఉండటమే ఇబ్బంది అనుకుని, మంచిరోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, పటాన్ని ముందుగదిలోకి మార్చాను. వీధి బూట్లు లోపలికి రాకుండా, ఈ జతలు ఇక్కడే ఉంచండి, లోపల తప్ప ఇంకెక్కడా వేసుకోకండి, అప్పుడు మైల అంటదు అని కూడా చెప్పాను. ఆ మాట దీదీకి కాస్త నచ్చింది. ఇద్దరు ముగ్గురు వేసుకునేవారు, నేను వెళ్ళగానే విప్పేసేవారు. అందరూ చూసేది బాబాయ్ వైపు. పెద్దవాడు వేసుకుంటే మిగతావాళ్ళు వేసుకుంటారు. బాబాయ్ మాత్రం వేసుకోడు. పటం తీసేస్తే పొయ్యి తీసేసినట్టేనా, పొయ్యి అమ్మోరు కాదేటి అన్నాడు. నేనూ అలాగే పెరిగాను.

దసరాకి వారం ఉందనగా డాక్టరుగారు కట్టు విప్పి, పుండు మానింది, బూట్లతో అయితే పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చు అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. బాబాయ్ మాత్రం తిరుగుదారిలో ఆటోలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు పక్క మైదానంలో రావణాసురుడి బొమ్మకి తలకాయలు అతికిస్తున్నారు. వాటిని చూస్తూ, దసరా ఎల్లిపోయాక ఊరెల్లిపోతానమ్మా అన్నాడు. లేబుళ్ళు అంటించుకుంటూ బతకలేను, బూట్లతో పొయ్యి దగ్గరికి పోలేను, మరేటి సెయ్యాల అన్నాడు.

నాకు కోపం వచ్చింది. భయం వేసినప్పుడు నాకు వచ్చేది కోపమే. ఇంత మొండితనం ఏమిటి, ఆ కాలింది ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా, రెండు రోజులు దాచి తిరిగావు అని ఆటోలోనే గట్టిగా అరిచాను. డ్రైవరు భయ్యా అద్దంలోంచి చూశాడు.

బాబాయ్ తన కాలి వైపు చూసుకుంటూ అన్నాడు: "కాలినట్టు తెలవనేదమ్మా మొదట. తెలిసినాక బయమేసింది. ముందు నాను సేసిన మేస్త్రీ దగ్గర, కాలు కాలినోడ్ని మరి పన్లోకి పిలవనేదు. నువ్వూ ఎల్లిపోమంతావని సెప్పనేదు."

 పదేళ్ళుగా బాబాయ్ బాబాయ్ అని పిలుస్తున్నాను. దెబ్బ తగిలితే పని పోతుందేమోనన్న భయం ఆ పదేళ్ళూ అతని కడుపులోనే ఉంది. బెల్టు మూతలు, గంటలు, మాస్కులు అన్నీ సర్దాను కానీ, దెబ్బ తగిలితే నా దగ్గరికి వచ్చి చెప్పండి, మీ పని ఎక్కడికీ పోదు అని ఒక్కసారీ ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, వాళ్ళకే తెలుసు అనుకున్నాను. ఎలా తెలుస్తుంది? ఎప్పుడు చూసినా అరుస్తూ కనిపించేదాన్ని. రక్తం గుర్తులు చూసి కూడా ముందు అరిచినదాన్ని.

ఆ మధ్యాహ్నమే అందరినీ కూర్చోబెట్టి ఆ ఒక్కమాట చెప్పాను. తెగినా, కాలినా, జారినా, ముందు నాకు చెప్పండి, చెప్పినందుకు ఎవరి పనీ పోదు, బాగయ్యేదాకా కూర్చుని చేసే పని ఇస్తాను, దాచితేనే కోపం వస్తుంది అన్నాను. సాయంత్రంలోగా ఏడుగురు వచ్చి చెప్పారు. ఒకరికి మోచేతి మీద పాత కాలిన మచ్చ, ఒకరికి కారంతో కళ్ళ మంటలు, దీదీకి బస్తాలెత్తి నడుం నొప్పి. ఇన్నాళ్ళూ ఇన్ని నొప్పుల మధ్యన నేను ఇడ్లీపిండి పులిసిందా లేదా అని చూసుకుంటూ తిరిగాను. ఎవరేం చెప్పినా అరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి, ఏడుసార్లూ పళ్ళు బిగపట్టి విన్నాను. నడుం నొప్పి మాట వినగానే, ముప్ఫై కిలోల బస్తాలు మానేసి పది కిలోల సంచులు పంపమని పప్పుల షాపువాడికి ఫోన్ చేశాను. అరవాల్సిందంతా వాడి మీద అరిచాను.

బూట్ల సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దసరా దగ్గరికి వచ్చేసింది.

మాకు ప్రతి ఏడూ షెడ్డులో ఆయుధపూజ చేసుకోవడం అలవాటు. దీదీ వాళ్ళు విశ్వకర్మ పూజ ముందే చేసేస్తారు, నేను దసరాకి మళ్ళీ చేస్తాను. కాబట్టి మా గ్రైండర్లకి ఏడాదికి రెండు పండగలు. ముందురోజు పనిముట్లన్నీ కడిగి ఆరబెడుతుంటే, దీదీ ఆ ఎర్ర సిలిండర్‌ని కూడా తుడిచి తెచ్చి నా ముందు పెట్టింది. దీనికి కూడా బొట్టు పెడతారా, ఇది పనిముట్టు కిందికి వస్తుందా అని అడిగింది. ఎందుకు రాదు, మనల్ని కాపాడేది పనిముట్టు కాదా అన్నాను. అనేసి, గోడవారన ఉన్న బూట్ల వైపు చూశాను. దీదీ కూడా అటే చూసింది.  ఆవిడ వెళ్ళి బక్కెట్‌తో నీళ్ళు తెచ్చింది. పదకొండు జతలూ సబ్బు పెట్టి, అరికాళ్ళు కూడా బ్రష్షుతో రుద్ది కడిగాం.

పండగ రోజు పొద్దున్న పనిగది బయట వరండాలో ముగ్గు వేసి, దాని మీద అరటాకులు పరిచి, పనిముట్లన్నీ పేర్చాం. మూకుడు, అట్లకాడలు, కత్తులు, తూకం, ఎర్ర సిలిండర్, చివరన పదకొండు జతల బూట్లు. లోపల గ్రైండర్లకి బంతిపూల దండలు వేశాం. బొట్లు పెట్టేది ప్రతి ఏడూ బాబాయే, పెద్దవాడు కాబట్టి. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, పసుపు కుంకుమ గిన్నెలు పట్టుకుని వచ్చాడు. మూకుడుకి పెట్టాడు. అట్లకాడని కళ్ళకద్దుకుని పెట్టాడు. సిలిండర్ దగ్గర కొంచెం ఆలోచించి పెట్టాడు. బూట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.  అతను కాదని గిన్నెలు కింద పెట్టేస్తే, ఆ సాయంత్రమే రైలు టిక్కెట్టు తియ్యాలి.

"ఇయ్యేటమ్మా?" అన్నాడు.

"నీ పనిముట్టే బాబాయ్," అన్నాను. "అట్లకాడ లేకుండా పొయ్యి దగ్గరికి వెళతావా? ఇది లేకుండా కూడా అలాగే వెళ్ళొద్దు. నువ్వు ఊరెళ్ళిపోతే నేను బెంగ పెట్టుకుంటాను. ఆ కాలికి ఏమన్నా అయితే జన్మలో నన్ను నేను క్షమించుకోలేను."

అంతమందిలో అంతమాట నేనెప్పుడూ అనలేదు. బాబాయ్ బూట్ల వరస ముందు వంగాడు.  ఉంగరపు వేలు పసుపులో ముంచి, మొదటి జత మొనల మీద రాశాడు. దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు. రెండో జతకి, మూడో జతకి, అలా పదకొండుకీ పెట్టుకుంటూ పోయాడు. చివర హారతిచ్చి, నాదేదీ అని అడిగాడు. దీదీ తీసి ఇచ్చింది.

ఒక్కో బూటూ తలకిందులు చేసి దులిపాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి, మొన దాకా తడిమి చూశాడు. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు వినట్లేదేమో అనుకున్నాను, అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. రెండూ కళ్ళకద్దుకుని, తొడుక్కుని, ప్యాంటు బూట్ల మీదికి లాక్కుని, అట్లకాడ చేతికి తీసుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. లోపల నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి మిగతావాళ్ళని చూశాడు. అంతే, తోసుకుంటూ ఎవరి జత వాళ్ళు వెతుక్కున్నారు. దీదీ చీర కాస్త పైకి దోపుకుని, బొట్టు చెరిగిపోకుండా మునివేళ్ళతో పట్టుకుని వేసుకుంది. పదిమందీ ఒకరి వెనక ఒకరు గడప దాటారు.

నా కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ముక్కు చీదుకుని, పులిహోర గిన్నె ఎత్తుకుని, వాళ్ళ వెనకే లోపలికి నడిచాను. బాబాయ్ గడప దగ్గరికి వచ్చి అట్లకాడ అడ్డం పెట్టాడు.

"నీ జతేదమ్మా?" అన్నాడు.

నేను కిందికి చూసుకున్నాను, మళ్ళీ వట్టికాళ్ళే. వెనక్కి తిరిగి చూస్తే అరటాకుల మీద బూట్లేమీ మిగల్లేదు. రోజుకి ఇరవైసార్లు ఆ గదిలోకి వెళ్ళి, మూకుళ్ళ మీదికి వంగి, ఉప్పు చూసి, అందరి మీదా అరిచి వచ్చే మనిషిని నేను. పదకొండు మందికి పదకొండు జతలు తెప్పించాను. పన్నెండో మనిషి ఉందని నాకే తోచలేదు.

ఈ ఒక్కరోజుకి వదిలెయ్యి బాబాయ్, పండగ కదా అన్నాను. అతను అట్లకాడ తియ్యలేదు. లోపల దీదీ అప్పుడే కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"బూట్లు ఏసుకోనోల్లు లోనకి రాకూడదని నువ్వే సెప్పినావు," అన్నాడు బాబాయ్. "నూనె ఎవుల కాలో సూడదమ్మా."

పులిహోర గిన్నె నా చేతిలోంచి తీసుకుని వాళ్ళకి వడ్డించాడు. నాకు ఒక ఆకులో పెట్టి బయటికి అందించాడు. నా షెడ్డు గడప బయట, నా చెప్పుల పక్కన నిలబడి తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. నీ కాలు ఏ నంబరు అని లోపలి నుంచి అడిగాడు. ఐదు అని చెప్పాను.